లోపలికి పోయే కబురు

మా జంతుశాస్త్రం సారు పోయారన్న కబురు నాకు బంద్ రోజునే అందాలా? పొద్దున ఏడింటికి సారు చెల్లెలు రేగొండ నుంచి ఫోన్ చేసింది. "తమ్మీ, అన్న పోయిండు. తెల్లారేసరికి సల్లగైండు. పగటీలి పన్నెండింటి వరకు తీస్కపోతరు. వీలైతే రా" అని పెట్టేసింది. వీలైతే! తొర్రూరు బస్టాండులో ఆ రోజు ఒక్క బస్సు కదల్లేదు. తెలంగాణ కోసం ఎన్నో బంద్‌లు జరిగాయి, ఒక్కదానికీ నేను ఎదురు చెప్పలేదు. ఆ రోజు మాత్రం చెప్పాలనిపించింది.

మోటారు సైకిల్ తీశాను. ఊరు దాటకముందే రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండ్లు. అడ్డం పెట్టినవాళ్లు పరాయివాళ్లు కాదు, దీక్షా శిబిరంలో నా పక్కన కూర్చున్నవాళ్లే.

"ఏంది సేటు, బంద్ నాడు బండి తీసినవ్?" అన్నాడు ఒకడు. బస్టాండు దగ్గర మందుల దుకాణం నడుపుతాను కాబట్టి నన్ను ఊళ్లో అందరూ సేటనే పిలుస్తారు.

"మా సారు పోయిండు. రేగొండ పోవాలె."

"ఏ సారు?"

చెప్పాను.

"అయ్యో, నవ్వని సారా?" అని బండి పక్కకు జరిపాడు.

ఆ మాటకు ఒళ్లు మండింది. కానీ నిలబడి జవాబు చెప్పే వ్యవధి లేదు. పైగా ఆ పేరు ఊళ్లో పాకుతున్నప్పుడు నోరు మూసుకున్నవాణ్ణి నేనే. అక్కణ్ణుంచి రేగొండ దాకా ఇంకో మూడు చోట్ల ఆపారు. ఒకచోట నడిరోడ్డు మీద వంటావార్పు జరుగుతోంది, పొయ్యి మీద పెద్ద గంజు. "ఇంత తినిపో అన్నా" అని చెయ్యి పట్టుకున్నారు. చావుకు పోతున్నానని ప్రతిచోటా మొదటినుంచీ చెప్పుకోవలసి వచ్చింది. నేను రేగొండ చేరేసరికి మగవాళ్లు తడిబట్టలతో ఎదురొస్తున్నారు. అంతా అయిపోయింది. ముప్ఫై ఏళ్లు పాఠం చెప్పిన మనిషి ముఖం చివరిసారి చూడలేకపోయాను. ఎవరిని తిట్టాలో తెలియక బండినే ఒక తన్ను తన్నాను.

ఇప్పుడు ఆ నవ్వని సారు గురించి చెప్పాలి. ఆయన పుట్టింది కాటారం దగ్గర అడవి అంచు పల్లెలో. పెళ్లి చేసుకోలేదు. యూనివర్సిటీలో మెదడు మీద పరిశోధన మొదలుపెట్టి, ఏదో కారణాన సగంలో వదిలేసి, మా ఊరి డిగ్రీ కాలేజీకి వచ్చారు. కారణం అడిగితే "ఆళ్లకు నా మాట అర్థం గాలే, నాకు ఆళ్ల నవ్వు అర్థం గాలే" అనేవారు. ఆయన పాఠం కూడా మా మాటలోనే ఉండేది. "గుండె గిట్ల కొట్టుకుంటది, నరం గట్ల గుంజుతది" అంటూ. తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన భాష సరిచేసుకోమంటే, "కప్పకు అర్థమైతున్నది సార్, పిల్లలకు అర్థమైతున్నది, ఇంకెవలకు గావాలె?" అన్నారట. ఆ రోజుల్లో ఆయన నవ్వు మెట్ల దాకా వినిపించేది.

ఆయనకు ప్రాణమైన పాఠం ఒకటుంది. అది మా పుస్తకంలో లేదు. ఒకరోజు కప్ప నాడీమండలం చెబుతూ చెబుతూ సుద్దముక్క పక్కన పెట్టి, రెండు చేతులూ దోసిలి పట్టినట్టు పక్కపక్కన పెట్టారు.

"నరాల కణం మీద గ్రాహకాలుంటయి. డోపమిన్ అనే సరుకును పట్టేది ఒకటి, అడినోసిన్‌ను పట్టేది ఒకటి. పుస్తకంల దేని బొమ్మ దానికే ఏసిండ్రు. గని మెదడుల కొన్ని కణాల మీద గీ రెండు ఒకదానికొకటి ఆనుకోని ఉంటయి. గీ ఎడమ చెయ్యి అడినోసిన్‌ది అనుకోండ్రి. గిది నిండితే, కుడి చేతిల డోపమిన్ పట్టు వదులైతది. కుడి చేతికి ఏ రోగం లేదు. డోపమిన్ గూడ ఉన్నది. అయినా పట్టు చిక్కది. ఎందుకు? పక్కది నిండింది గనుక."

చెబుతుంటే ఆయన కుడిచేతి వేళ్లు నిజంగానే ఒక్కొక్కటిగా సడలాయి. క్లాసంతా ఆ వేళ్లనే చూస్తోంది.

"బయటి సంగతి ఇంతే. ఇగ లోపల ఏమైతదంటే..." అన్నారు.

అప్పుడు లేచాను నేను. "సార్, గిది పరీక్షల వస్తదా?"

సారు చేతులు దించేశారు. "రాదు" అన్నారు. సుద్దముక్క తీసుకుని మళ్లీ కప్ప దగ్గరికి పోయారు. నా వెనక బెంచీవాళ్లు నా వీపు తట్టారు, మంచి పని చేశావని. ఆ వీపు ఇప్పటికీ మండుతోంది.

డిగ్రీ తర్వాత నేను ఫార్మసీ చదివాను. మా నాయిన కిరాణా హోల్‌సేల్ నాకు పట్టలేదు, మందుల దుకాణం పెట్టాను. సాయంత్రం నాలుగైతే సారు వచ్చి పక్క హోటల్లో చాయ్ చెప్పి, గ్లాసు పట్టుకుని నా కౌంటరుకు ఆనుకుని నిలబడేవారు. సరిగ్గా గిరాకీ ముసిరే వేళకే. "చాయల ఉన్న సరుకు అడినోసిన్ జాగల పోయి కూసుంటది సేటు. కూసుంటది గని పని చెయ్యది, జాగ ఆపుకుంటది గంతే. గప్పుడు పక్కదానికి పట్టు చిక్కుతది. గందుకే చాయ్ తాగంగనే పాణం లేసొస్తది" అనేవారు. నేను "అవునా సార్" అంటూ దగ్గు మందు సీసాలు సర్దుకునేవాణ్ణి. మంచి మాట చెప్పేవాడు రోజూ ఎదురుగా ఉంటే దాని విలువ తెలియదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదని ఊరికే అన్నారా?

తర్వాత్తర్వాత సారు మారిపోతూ వచ్చారు. బోర్డు మీద అక్షరాలు ఏడాదికేడాది చిన్నవయ్యాయి. వెనక బెంచీకి కనబడటం లేదని పిల్లలు నా దుకాణం ముందు నిలబడి చెప్పుకుని నవ్వేవారు. "సుద్దముక్కలు మిగిల్చి ఇంటికి తీస్కపోతున్నడేమో" అన్నాడొకడు. నేనూ నవ్వాను. నడుస్తుంటే కుడిచెయ్యి ఊగేది కాదు, పక్కకు అంటుకుపోయి ఉండేది. గొంతు సన్నబడింది. నవ్వు ఆగిపోయింది. చాయ్ గ్లాసు ఎడమచేతికి మారింది. రిటైర్మెంటు దగ్గరపడ్డ మనిషి కదా, ముడుచుకుపోయాడనుకున్నాం. పొద్దంతా రోగాలకు మందులమ్మే నాకు కళ్లముందున్న రోగం కనబడలేదు. చెప్పడానికే సిగ్గుగా ఉంది.

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. కాలేజీలు మూతబడ్డాయి, బస్సులు ఆగాయి. బస్టాండు ఎదురుగా శిబిరం వేశారు. రోజుకొక వంతు రిలే దీక్ష. వకీళ్ల వంతు నాడు వకీళ్లు, దుకాణదారుల వంతు నాడు మేము, లెక్చరర్ల వంతు నాడు లెక్చరర్లు. మా శిబిరంలో ఒక పద్ధతి ఉండేది. కూర్చున్న ప్రతివాడూ తనకు వచ్చిందే మైకులో చెప్పాలి. పాట వచ్చినవాడు పాట, వడ్రంగి చెక్క సంగతి, వకీలు ఒప్పందాల సంగతి. లెక్చరర్ల వంతు నాడు నేనూ పోయి కూర్చున్నాను. సారు చేతికి మైకు వచ్చింది. రెండు చేతులూ కావాలి కదా, మైకు నన్ను పట్టుకోమన్నారు.

మళ్లీ అదే పాఠం. ఎడమ చెయ్యి, కుడి చెయ్యి. చేతులు కొద్దిగా వణుకుతున్నాయి. పొద్దుటినుంచి ఏమీ తినలేదు కదా అనుకున్నాను. "పక్కది నిండితే దీని పట్టు వదులైతది" అనగానే విద్యార్థి నాయకుడు ఒకడు ఎగిరి లేచాడు.

"గదే సార్ మన కథ! పక్కన కూసోని మన పట్టు వదులు చేస్తున్నరు! జై తెలంగాణ!"

శిబిరమంతా చప్పట్లు. డప్పు మోగింది. సారు నోరు కదులుతూనే ఉంది. "కణంల దుశ్మనీ ఉండదు బిడ్డా, రెండూ గావాలె దానికి, జర ఇను, లోపల ఏమైతదంటే" అంటున్నారు. మైకు నా చేతిలోనే ఉంది. నేనది ఆయన నోటి దగ్గర పెట్టడం మానేసి, అందరితో కలిసి జై కొడుతున్నాను. సారు కూర్చున్నారు. ఆ తర్వాత నాతో ఒక్క మాటే అన్నారు. "చప్పట్లు కొడితే పాఠం ఆడనే ఆగిపోతది సేటు."

ఫోటోగ్రాఫర్ వచ్చాడు. అందరూ పిడికిళ్లెత్తి పళ్లు కనబడేలా నవ్వుతున్నారు. సారు ముఖం చెక్కలా ఉంది.

"సార్, జర నవ్వుండ్రి, ఫోటో తీస్తున్నరు" అన్నాను.

"నవ్వుతనే ఉన్న గదరా" అన్నారు సారు.

పరాచికమనుకున్నాను. ఫోటో గోడలకెక్కింది. సారుకు తెలంగాణ పట్టదనీ, జీతం పోతోందన్న బాధే తప్ప ముఖంలో ఇంకేమీ లేదనీ మాటలు మొదలయ్యాయి. నవ్వని సారన్న పేరు అక్కడ పుట్టింది. నా కౌంటరు ముందే అనుకునేవారు. నేను చిల్లర తీసిస్తూ ఊరుకునేవాణ్ణి.

సమ్మె నడుస్తుండగానే ఒకరోజు సారు వచ్చారు. కౌంటరు అంచు పట్టుకుని, "కడుపుల తిప్పుతున్నది సేటు. ఏం తిన్నా ఉంటలేదు. వాంతులకు ఏమన్న ఇయ్యి" అన్నారు. నేను డబ్బాలో చెయ్యి పెట్టి, రోజూ అందరికీ ఇచ్చే గోలీల పట్టీ తీసిచ్చాను. "పూటకొకటి ఏస్కోండ్రి సార్." ఇంకే మందులు వాడుతున్నారు, చెయ్యి ఎందుకు వణుకుతోంది, ఒక్క ప్రశ్న లేదు. సారు పట్టీ కళ్ల దగ్గర పెట్టుకుని, అక్షరాలు కనబడక, జేబులో వేసుకున్నారు. మళ్లీ జై తెలంగాణ అంటూ ఎవరో దుకాణం ముందు నుంచి పోతుంటే నేను అటు చూశాను.

మూడు రోజులకు, పొద్దున, సారు చెల్లెలు పరుగున వచ్చింది. భర్త పోయిన మనిషి. అన్నకు వండిపెట్టడానికి రేగొండ నుంచి వచ్చి ఉంటోంది.

"తమ్మీ, అన్న మంచంల నుంచి లేస్తలేడు. బొమ్మ లెక్క బిగుసుకపోయిండు. గుటక గూడ పడుతలేదు."

పోయి చూశాను. కట్టెలా పడుకుని ఉన్నారు. కళ్లు మాత్రం నావైపు తిరిగాయి. "ఇంకేం మందులేస్కుంటున్నడక్కా?" అని అడిగితే, ఆమె పుస్తకాల వెనక దాచిన అట్టపెట్టె తీసిచ్చింది. వరంగల్ పెద్ద డాక్టరు రాసిన గోలీలు. వణుకుడు రోగానివి. మెదడులో డోపమిన్ తరిగిపోతే, దాన్ని నింపడానికి ఇచ్చేవి. ఆ గోలీలతోనే కడుపులో తిప్పుతుంది. ఆ తిప్పుడుకు నేనిచ్చిన గోలీ మెదడులోకి పోయి, డోపమిన్ కూర్చోవలసిన జాగాలోనే కూర్చుంటుంది. ఇది నాకు తెలియని సంగతి కాదు. ఫార్మసీ పరీక్షలో వచ్చింది. రాశాను. మార్కులు కూడా వచ్చాయి. రాసి మర్చిపోయాను.

వరంగల్ డాక్టరుకు ఫోన్ కలిపాను. నేనిచ్చింది వెంటనే ఆపమన్నాడు. మెదడులోకి పెద్దగా పోని వేరే రకం గోలీ పేరు చెప్పాడు. అదీ నా దుకాణంలోనే, అదే అరలో, దాని పక్కనే ఉంది. ఆ తర్వాత రెండు రోజులూ నేను సారు గుమ్మం దగ్గరే కూర్చున్నాను. ఏమన్నా అయితే ఆ అక్క ముఖం ఎట్లా చూడాలన్నదే ఆలోచన. మెల్లగా బిగువు సడలింది. నాలుగో రోజుకు లేచి గోడకు ఆనుకుని కూర్చున్నారు.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే కోపం చేశాను. "మీకు అన్ని తెలుసు గద సార్. పట్టీ మీద పేరన్న చూడొద్దా?"

"నువ్విచ్చినవు గద. మల్ల సూడలే" అన్నారు.

"రోగమున్నదని నాకన్న చెప్పొద్దా?"

"నువ్వు అడగలే." కాసేపు ఊపిరి తీసుకుని, "ఊళ్లె తెలిస్తే పాపమని ఇంట్ల కూసోబెడుతరు. నాకు శిబిరంల కూసోవాలని ఉండె. నవ్వకున్నా కూసోవచ్చు గద" అన్నారు. ఎవరికీ చెప్పనని నాతో మాట తీసుకున్నారు. ఆ మాట నిలబెట్టుకున్నందుకు నామీద నాకు ఇప్పటికీ కోపమే. నవ్వని సారని వాళ్లు అంటుంటే వింటూ నిలబడటం మాట నిలబెట్టుకోవడమా, పిరికితనమా, నాకు తేలలేదు.

ఆ రోజే సారు నా రెండు చేతులూ పట్టుకున్నారు. "నా చేతులు ఇంటలేవు. నీయి ఇయ్యి" అని, నా చేతుల్నే పక్కపక్కన దోసిలిలా పెట్టారు. "నీ గోలీ ఏం జేసింది? కుడి చేతిల కూసున్నది. కూసోని పని చెయ్యది. ఉన్న జరంత డోపమిన్‌కు గూడ జాగ లేకుంట జేసింది. ఇగ ఎడమ చేతికి ఎదురు చెప్పెటోడెవడు? బయట కూసున్నోళ్లు ఎన్నడూ లోపలికి పోరు సేటు. కబురే పోతది. గా కబురు లోపల..."

వీధిలో ఊరేగింపు వచ్చింది. డప్పులు, నినాదాలు. అంత సన్నని గొంతు అందులో వినబడుతుందా? చెల్లెలు గంజి గ్లాసు తెచ్చింది. తాగేసరికి ఆయన కళ్లు మూతలు పడ్డాయి. "రేపు చెప్త" అన్నారు. మర్నాడు నాకు దుకాణం, సరుకు, శిబిరం. తర్వాత పోదాంలే అనుకున్నాను. కొన్నాళ్లకు ఆయన రిటైరై, చెల్లెలి వెంట రేగొండ వెళ్లిపోయారు. రెండుసార్లు చూడబోయాను. అప్పటికి మాట బొత్తిగా సన్నబడింది. పాఠం అడగడానికి నాకు నోరు రాలేదు.

అంతా అయిపోయాక చేరిన ఆ రోజు, సారు చెల్లెలు నన్ను తిట్టలేదు. నీళ్లిచ్చింది. లోపలికి పోయి సుద్దముక్కల డబ్బా ఒకటి తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నీకియ్యమని ఎప్పటి సంది అంటున్నడు. నువ్వే మల్ల రాకపోతివి" అంది.

డబ్బాలో నేనిచ్చిన గోలీల పట్టీ ఉంది, సగం వాడింది. దానికి చుట్టి ఒక కాగితం. అక్కడ విప్పలేకపోయాను.

తిరుగు దారిలో ఊరి పొలిమేర దగ్గర వాళ్లే ఉన్నారు, ఎడ్లబండ్లు తీసేస్తూ. "దొరికిండా సేటు, నవ్వని సారు?" అని అడిగాడు పొద్దుటివాడు. బండి ఆపాను. సారు ఇంక లేరు, ఇచ్చిన మాట ఇంకెవరికోసం? "ఆయనకు ముఖంల కండరాలు బిగుసుకపోయే రోగముండె. ఆ రోజు ఫోటోల సారు నవ్వుతనే ఉన్నడు. మనకే కనపడలే. ఆ రోగానికి ఎదురు మందిచ్చి మంచాన పడేసింది నేను" అని చెప్పాను. వాడు చేతిలోని బండి కాడి కిందికి దించాడు.

ఇప్పుడు నా దుకాణానికి వాంతుల గోలీ కోసం ఎవరు వచ్చినా, చెయ్యి డబ్బా మీద ఆగుతుంది. "ఎవలకు? ఇంకేం మందులేస్కుంటున్నరు? చేతులు వణుకుతయా?" అని అడుగుతాను. "గోలీ అడిగితే పుట్టుపూర్వోత్తరాలు అడుగుతవేంది సేటు" అని విసుక్కుని పక్క దుకాణానికి పోయేవాళ్లున్నారు. పోనీ. అడగక ముందు చేసిన వ్యాపారం చాలు నాకు.

సారు కాగితం కౌంటరు అద్దం కింద పెట్టుకున్నాను. పైన "తొర్రూరు సేటుకు" అని ఉంది. కింద పెన్సిలుతో రెండు చేతుల బొమ్మ, వంకరటింకరగా. దాని కింద పాఠం. మొదటి వరుస మామూలుగానే చదవవచ్చు. "ఎడమది నిండితే లోపల ఒక కబురు పెరుగుతది. కుడిది నిండితే గదే కబురు తగ్గుతది." రెండో వరుస అక్షరాలు నువ్వుగింజలంత. "రెండు ఆనుకోని ఉన్నప్పుడు ఎవలి మాట చెల్లుతదని అడుగు." మూడో వరుసకు భూతద్దం కావాలి. "ఈసారి పరీక్షల వస్తది." అది చదివిన రోజు గిరాకీని నిలబెట్టి లోపలికి పోయి కూర్చున్నాను.

నాలుగోది ఆఖరు వరుస. గిరాకీ లేనప్పుడు కాగితం తీసి కిటికీ దగ్గర వెలుతురుకు పట్టుకుంటాను. "లోపల" అన్న మాట దాకా చదవగలను. ఆ తర్వాత అక్షరాలు లేవు. కాగితం అంచుదాకా వణుకుతూ పోయిన సన్నని పెన్సిలు గీత ఒక్కటే ఉంది.